తోకచుక్క బొమ్మలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు వ్రాయనందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. పెద్దదాని పరీక్షలు ముగిశాయి, నా బదిలీ ఆగింది. నిన్న రాత్రి నేను చూసిన ఒక పాత పెన్సిలు బొమ్మ సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మా పక్కింట్లో డెబ్బై తొమ్మిదేళ్ల ఆంగ్లేయురాలు ఒంటరిగా ఉంటారు. టీవీ రావడం లేదని పిలిస్తే వెళ్లి వైరు సరిచేశాను. ఎందుకంత తొందర అని అడిగితే, ఈ రాత్రి ‘ది స్కై ఎట్ నైట్’ ఉందన్నారు. బీబీసీలో ఆకాశ విశేషాలు చెప్పే ఆ కార్యక్రమం 1957 ఏప్రిల్ 24న మొదలైంది. మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఆకాశానికి ఎగరడానికి ఇంకా ఐదు నెలల పైన ఉన్న రోజులవి. పదకొండేళ్ల పిల్లగా తండ్రి పక్కన కూర్చుని ఆవిడ ఆ మొదటి ప్రసారాన్ని చూశారు. కార్యక్రమం నడిపిన ఖగోళ పరిశీలకుడు పాట్రిక్ మూర్ ఆ రాత్రి అప్పుడు ఆకాశంలో కనబడుతున్న ఆరెండ్-రోలాండ్ తోకచుక్క గురించి మాట్లాడారట. మర్నాడు తండ్రీకూతుళ్లు తోటలోకి వెళ్లి దాన్ని చూశారు. ఆవిడ పెన్సిలుతో బొమ్మ గీశారు.

ఆ బొమ్మను నా చేతిలో పెట్టారు. కాగితం పసుపుబారింది. తలకు ఒక వైపు పొడవైన తోక, రెండో వైపు సూర్యుడి దిక్కుకు సూదిలాంటి గీత. ఆ సూది ఉన్నచోట కాగితం రబ్బరుతో రుద్ది రుద్ది పలచబడింది. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురుదిక్కునే ఉంటుందని తండ్రి చెరిపించారట. తాను చూసింది చూసినట్టు ఉండాలని ఆవిడ మళ్లీ గీశారట. ఆవిడ చూసిందే నిజం! తోకచుక్క వదిలిన ధూళి, అది సూర్యుడి చుట్టూ తిరిగే తలంలో పలచని పొరలా పరుచుకుంటుంది. భూమి ఆ తలాన్ని దాటే రోజుల్లో ఆ పొర మనకు అంచు వైపు నుంచి కనబడి, సూర్యుడి వైపు పొడుచుకు వచ్చిన ముల్లులా తోస్తుంది.

నాకు వెంటనే 1986 మార్చి, మీ డాబా, తెల్లవారుజాము చలి గుర్తొచ్చాయి. నీవు హేలీ తోకచుక్కను తోక లేని దూదిపింజలా గీశావు, నేను పత్రికలో చూసిన పొడవాటి తోక పెట్టాను. మాస్టారు నా బొమ్మను గోడకు అంటించి, నీ బొమ్మను వెనక్కి ఇచ్చేశారు. నీవు ఒక్క మాటా అనలేదు. మనకు కనబడింది దూదిపింజేనని ఆ రోజే నేను లేచి చెప్పి ఉండవలసింది. ‘దూది సుబ్బయ్య’ అని నిన్ను పిలిచినప్పుడల్లా నీవు నవ్వేవాడివి, కానీ... సరే, ఆ మాట ఎదురుగా కూర్చుని చెప్పవలసింది.

మూర్ యాభై ఐదేళ్లకు పైగా, 2012 డిసెంబరులో కన్నుమూసేదాకా ఆ కార్యక్రమం నడిపారు; ఆహారం వికటించి 2004 జూలైలో ఒక్కసారే తప్పారు. ఆ నెల ఇంట్లో మనిషి లేనట్టు అనిపించిందని చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. తొలి ఏళ్ల ప్రసారాలు చాలావరకు దక్కలేదు. ఆ మొదటి రాత్రికి గుర్తుగా ఆవిడ దగ్గర ఈ ఒక్క కాగితమే ఉంది.

నీ దూదిపింజ గురించి చెబితే ఆవిడ చూడాలన్నారు. అమ్మగారి ఇనప్పెట్టెలో వెతికించు, దొరికితే ఫొటో తీసి పంపు. మాస్టారి ఎర్రసిరా గీత కూడా కనబడేలా... తపాలా డబ్బా తెరిచే వేళయింది, పరుగెత్తాలి.

నీ,
పిట్టగోడ నేస్తం