మెగాపిక్సెల్స్ సరే, కంటి ఫోకస్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కొత్త కెమెరా ఏదైనా వచ్చిందంటే పేపర్లో వార్త వస్తుంది, ఎన్ని మెగాపిక్సెల్స్, రేటెంత, వీడియో 4కె నా 8కె నా, అంతే, అక్కడితో అయిపోతుంది. పెళ్లిళ్లు తీసే మాలాంటోళ్లకి అసలు తేడా తెలిసేది వేరే దగ్గర, ఫోకస్ కంటి మీద పడిందా లేదా అనే దగ్గర. ఇప్పుడు కొన్ని కెమెరాలు మొహంలో కన్ను తామే వెతికి దాని మీద ఫోకస్ పెడతాయి, దాన్నే కంటి ఫోకస్, ఐ ఏఎఫ్ అంటాం. దాని గురించి తెలుగులో వివరంగా రాసినవాళ్లు నాకైతే కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదే అయింది, వీలైతే మొత్తం వేయండి.

ఇప్పుడు మా ఫీల్డ్‌లో పరిస్థితి ఎలా ఉందంటే, ఆర్డర్ ఇచ్చేవాళ్లు ముందు అడిగే మాటే "మిర్రర్‌లెస్ ఉందా అన్నా?" అని. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరా. అది లేదంటే క్యాండిడ్‌కి (పోజు లేకుండా సహజంగా తీసేవి) వద్దులే, ట్రెడిషనల్‌కి (నిలబెట్టి తీసేవి) రా అంటారు, రేటూ తగ్గిస్తారు. దాంతో చిన్న టౌన్లలో స్టూడియో పెట్టుకున్న కుర్రాళ్లు ఉన్న డీఎస్ఎల్ఆర్‌ని, అంటే లోపల అద్దం ఉండే పాత రకం కెమెరాని, వచ్చినకాడికి అమ్మేసి మిగతాదానికి ఈఎంఐ పెట్టి మిర్రర్‌లెస్ కొంటున్నారు. ఇంకోపక్క సీనియర్లేమో కన్ను వెతకడం కెమెరా చేసే పనేంటి, అది ఫోటోగ్రాఫర్ పని అని కొట్టిపారేస్తున్నారు. ఈ రెండు వర్గాలకీ ఎప్పుడూ గొడవే, అసలు ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు.

అది కెమెరా లోపల ఫోకస్ చూసే సెన్సర్ ఎక్కడుంది అన్న దాంట్లో ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు అద్దానికి తగిలి పైకి వ్యూఫైండర్‌కి పోతుంది, అందులో కొంత భాగం ఆ అద్దం వెనకున్న ఇంకో చిన్న అద్దం మీదుగా కిందకి, కెమెరా అడుగున ఉన్న ఆటోఫోకస్ సెన్సర్‌కి పోతుంది. ఆ సెన్సర్‌కి బొమ్మ కనపడదు, కొన్ని ఫిక్స్‌డ్ పాయింట్ల దగ్గర ఫోకస్ ముందుకుందా వెనక్కుందా అని లెక్క చెప్తుంది అంతే. కెనాన్ 1500డి లో ఆ పాయింట్లు 9, 6డి లో 11, నికాన్ డి750 లో 51. ఫుల్ ఫ్రేమ్, అంటే పాత ఫిల్మ్ సైజు పెద్ద సెన్సర్ ఉన్న బాడీల్లో (లెన్స్ కాకుండా కెమెరాని బాడీ అంటాం) ఇవన్నీ ఫ్రేమ్ మధ్యలోనే గుంపుగా ఉంటాయి. పెళ్లికూతుర్ని నిలువు ఫ్రేమ్‌లో ఫుల్ లెంగ్త్ తీస్తే మొహం ఉండేది పైన, అక్కడికి పాయింట్ అందదు. అందుకని మధ్య పాయింట్‌తో మొహం మీద ఫోకస్ లాక్ చేసి కెమెరా కిందకి దించి ఫ్రేమ్ పెట్టుకుంటాం, ఏళ్ల తరబడి అందరం చేసిందదే.

85 ఎంఎం లెన్స్, ఎఫ్ 1.8 (లెన్స్ రంధ్రం బాగా తెరిచి), ఫుల్ ఫ్రేమ్, 2 మీటర్ల దూరం అనుకోండి, షార్ప్‌గా వచ్చే లోతు మొత్తం కలిపి సుమారు 6 సెంటీమీటర్లు. 1.5 మీటర్లకి జరిగితే 3 సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ. ఫోకస్ లాక్ చేశాక మనం కెమెరా దించినా, అమ్మాయి కాస్త ముందుకి వంగినా చాలు ఆ లోతు దాటిపోవడానికి, చెవి జూకాలు క్లియర్‌గా వచ్చి కళ్లు మెత్తబడతాయి. వెనకున్న చిన్న స్క్రీన్‌లో బానే ఉన్నట్టు కనపడి, ఆల్బమ్‌కి 12 బై 36 అంగుళాల షీట్ వేసినప్పుడు బయటపడుతుంది, ఇది మా లైన్లో తెలియనోళ్లు ఎవరూ ఉండరు.

అసలు డీఎస్ఎల్ఆర్ మొహాన్ని గుర్తుపట్టలేదా అంటే పడుతుంది, కానీ వ్యూఫైండర్లోంచి తీస్తున్నప్పుడు ఆ పని చేసేది మెయిన్ సెన్సర్ కాదు, వెలుగు కొలిచే మీటరింగ్ సెన్సర్. డి750 లో ఫోటో తీసే సెన్సర్‌కి 2 కోట్ల 40 లక్షల పిక్సెల్స్ ఉంటే ఈ మీటరింగ్ సెన్సర్‌కి ఉన్నవి 91 వేలు. డి850 లో 1 లక్షా 80 వేలు, కెనాన్ 5డి మార్క్ 4 లో 1 లక్షా 50 వేలు. దాంతో ఇక్కడో మొహం ఉంది అని తెలుసుకోవచ్చు గానీ ఫుల్ లెంగ్త్ ఫ్రేమ్‌లో కంటిరెప్ప ఎక్కడుందో పట్టాలంటే చాలా కష్టం, పట్టినా అక్కడ ఆటోఫోకస్ పాయింట్ లేకపోతే ఏం లాభం. పైగా క్లిక్ కొట్టిన ప్రతిసారీ అద్దం పైకి లేస్తుంది, ఆ క్షణం ఫోకస్ సెన్సర్‌కి వెలుగే అందదు.

మిర్రర్‌లెస్‌లో ఈ అడ్డంకి మొత్తం తీసేశారు, ఫోటో తీసే సెన్సర్ మీదే ఫోకస్ పాయింట్లు ఉంటాయి, 2018 లో వచ్చిన సోనీ ఏ7 మార్క్ 3 లో 693, ఫ్రేమ్‌లో సుమారు 93 శాతం కవర్ అవుతుంది. బొమ్మ మొత్తం చూసేది ఆ సెన్సరే కాబట్టి కన్ను ఎక్కడుందో కెమెరాకి తెలుస్తుంది, ఫ్రేమ్ మూలకి మొహం వచ్చినా పట్టుకుంటుంది. ఇంకో లాభం, ఫ్రంట్ ఫోకస్, బ్యాక్ ఫోకస్ అని, ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడుతుంటే డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ లెన్స్‌కీ ఫైన్ ట్యూన్ చేసుకునే బాధ ఉండేది, ఫోకస్ చూసే సెన్సర్ ఒకటి ఫోటో తీసే సెన్సర్ ఒకటి కాబట్టి, ఇక్కడ రెండూ ఒకటే గనక ఆ గోల లేదు. సీనియర్లకి నేను చెప్పేది ఇదే, మీ చేతి పనితనం మీద ఎవరికీ అనుమానం లేదు, పాయింట్ లేని చోట ఫోకస్ చేయమని మీరు ఇన్నేళ్లు కెమెరాతో కుస్తీ పట్టారు, ఆ కుస్తీ ఇప్పుడు అక్కర్లేదు. అన్నప్రాసనలో పాకే పిల్లాడినీ, సంగీత్‌లో డాన్స్ వేసే అమ్మాయినీ ఎఫ్ 1.8 లో ధైర్యంగా తీయొచ్చు, ఫోకస్ పాయింట్ జరుపుకుంటూ కూర్చునే టైమ్‌లో వాళ్ల నవ్వు చూడొచ్చు.

అలాగని మిర్రర్‌లెస్ అనగానే అన్నీ వచ్చేసినట్టు కాదు. నికాన్ జెడ్6, జెడ్7 లు 2018 లో వచ్చినప్పుడు వాటిలో కంటి ఫోకస్ లేనే లేదు, 2019 మే లో ఫ్రీగా ఇచ్చిన ఫర్మ్‌వేర్‌తో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చింది. సోనీ ఏ7 మార్క్ 3 కి జంతువుల కళ్లు పట్టుకోవడం కూడా 2019 ఏప్రిల్ అప్‌డేట్‌తోనే వచ్చింది. మా ఫీల్డ్‌లో సెకండ్ హ్యాండ్ బాడీ కొని ఒక్కసారి కూడా ఫర్మ్‌వేర్ చూడనోళ్లు ఎంతమందో, కెమెరా బాలేదు అని తిట్టుకుంటూ ఉంటారు, ముందు మెనూలోకి వెళ్లి వెర్షన్ చూసుకోండి బాబూ.

మన పెళ్లిళ్లలో ఇది తడబడే చోట్లు కూడా తెలిసుండాలి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి చేతులూ తలల మీద ఉంటాయి, మొహాలకి అడ్డం, అమ్మాయి తల దించుకుని ఉంటుంది, నుదుటన బాసికం, వెనకాల మేనత్తలూ పిన్నులూ అందరూ నేరుగా కెమెరా వైపే చూస్తుంటారు, కెమెరాకి క్లియర్‌గా కనపడే కళ్లు వాళ్లవే, వాటినే పట్టుకుంటుంది. తలంబ్రాలప్పుడు, హోమం పొగలో, కళ్లజోడు మీద ఫోకస్ లైట్ మెరిసినప్పుడు కూడా నమ్మకం లేదు. అందుకే ఫ్రేమ్ మొత్తం కెమెరాకే వదిలేయకుండా కన్ను వెతికే ఏరియా చిన్నది పెట్టుకోవడం, ఒక్క బటన్‌తో సింగిల్ పాయింట్‌కి మారడం ముందే సెట్ చేసుకోవాలి, ముహూర్తం టైమ్‌కి మెనూలో వెతికితే ఆ క్షణం మళ్లీ రాదు.

ఇక డీఎస్ఎల్ఆర్ అమ్మేసేముందు చూసుకోవాల్సినవి. కెనాన్ 2013 లో 70డి తో డ్యూయల్ పిక్సెల్ అని మెయిన్ సెన్సర్ మీదే ఫోకస్ తెచ్చింది, తర్వాత 2019 లో 90డి, 2020 లో 850డి లైవ్ వ్యూలో కన్ను కూడా పట్టుకుంటాయి, 2020 లో వచ్చిన నికాన్ డి780 కూడా అంతే. అంటే ఇవి డీఎస్ఎల్ఆర్‌లే అయినా అద్దం లేపి స్క్రీన్ చూసి తీస్తే మిర్రర్‌లెస్‌లాగే పనిచేస్తాయి. ఎండలో స్క్రీన్ కనపడదు, చేతులు చాపి పట్టుకోవాలి, అవన్నీ నిజమే, కానీ స్టేజీ మీద నిలబెట్టి తీసే జంట ఫోటోలకి బ్రహ్మాండంగా సరిపోతుంది. షాపుకి పోతే ఈ మాట చెప్పరు, చెప్తే కొత్త బాడీ ఎవడు కొంటాడు.

లెన్స్‌లది ఇంకో కథ. కెనాన్ వాళ్లకి ఇబ్బంది లేదు, ఈఎఫ్ అనే డీఎస్ఎల్ఆర్ లెన్స్‌లు అడాప్టర్‌తో ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ బాడీల మీద కంటి ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ వాళ్లే జాగ్రత్త, మన దగ్గర చాలామంది చేతుల్లో ఉన్న 50 ఎంఎం 1.8 డి, 85 ఎంఎం 1.8 డి లాంటి పాత లెన్స్‌లలో మోటార్ ఉండదు, బాడీలో ఉన్న మోటారే వాటిని తిప్పాలి, వాటిని జెడ్ మిర్రర్‌లెస్‌కి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మోటార్ లేదు. జెడ్ బాడీ కొని ఇవి తగిలిస్తే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే, ఐ ఏఎఫ్ కోసం కొన్నోడికి ఉన్న ఆటోఫోకస్ కూడా పోతుంది. బ్యాటరీ కూడా లెక్కేసుకోండి, స్టాండర్డ్ టెస్టులో డి750 కి ఒక చార్జికి 1,230 ఫోటోలు, ఏ7 మార్క్ 3 కి వ్యూఫైండర్‌తో 610. రాత్రి ముహూర్తం పెళ్లికి స్పేర్ లేకుండా పోలేం.

పక్షుల ఫోటోగ్రాఫర్ల సంగతి కూడా ఒక్క మాట. ఉప్పలపాడు, కొల్లేరు వైపు తీసే మిత్రులు 2020 లో కెనాన్ ఆర్5 పక్షి కన్ను పట్టడం మొదలుపెట్టాక అటు మారారు, సరైన పనే, కానీ చిన్న సెన్సర్ డీఎస్ఎల్ఆర్ అయిన నికాన్ డి500 ఉన్నోళ్లు తొందరపడాల్సిన పన్లేదు, దాని 153 పాయింట్లు దాదాపు ఫ్రేమ్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటాయి, పక్షి పక్కకి జరిగినా పాయింట్ అందుతుంది.

ఎడిటర్ గారూ, నేను అడిగేదల్లా మీ టెక్నాలజీ పేజీలో కెమెరా రివ్యూ వేసేటప్పుడు ఆ బాడీని ఒక రాత్రి కళ్యాణ మండపంలో, ఎల్ఈడీ లైట్ల కింద, బాసికం కట్టుకున్న మొహాల మీద వాడి చూసి రాయించండి. కన్ను ఎంత దూరం నుంచి పడుతోంది, పక్కోళ్ల మీదకి ఎన్నిసార్లు జారుతోంది, పాత లెన్స్‌తో ఏమవుతోంది, సైలెంట్ షటర్ పెడితే ఎల్ఈడీకి చారలు వస్తున్నాయా, ఇవి రాయండి. ఇప్పుడు సీజన్ కాని టైమ్‌లోనే మా కుర్రాళ్లు కెమెరాలు మారుస్తారు, శ్రావణం మొదలయ్యేలోపు వస్తే వాళ్లకి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్,
తెనాలి