శాస్త్రీ, క్లచ్ దొంగ దొరికాడురా

ఒరేయ్ శాస్త్రీ,

జవాబు రాయలేదని అలిగి ఉంటావు, సారీరా, తిట్లన్నీ దాచుకో, కలిసినప్పుడు తిడుదువుగాని. ఇక్కడంతా బాగున్నాం, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నా ఉద్యోగం ఊగిసలాట మళ్ళీ ఎప్పుడైనా. ముందు బండి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గోల పెరుగుతోంది, బండి మాత్రం ముందుకి లాగట్లేదు అన్నాను కదా. మెకానిక్ కనీసం క్లచ్ లివర్ కూడా నొక్కి చూడకుండా "క్లచ్ ప్లేట్లు పోయాయి, స్ప్రింగులతో సహా సెట్టంతా మార్చాలి" అనేశాడు. నాకు ఒళ్ళు మండింది. ప్లేట్లు అరిగితే టాప్ గేర్లో, తిన్నని ఎత్తు మీద, యాక్సిలరేటర్ గట్టిగా ఇచ్చినప్పుడు క్లచ్ జారాలి కదా, అంటే ఇంజన్ తిరిగినంత బలం చక్రానికి అందకూడదు, లోడంతా వాటి మీద పడేది అక్కడే. పనిగట్టుకుని వెళ్ళి చూశాను, ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం), బండి స్పీడు రెండూ కలిసే పెరిగాయి! జారేదల్లా మెలికలు తిరిగిన ఎత్తులో, అదీ కుడి మలుపుల్లోనే. ప్లేట్లకి కుడీ ఎడమా తెలుస్తాయా? (నీ బల్లి సిద్ధాంతం ప్రకారం తెలుస్తాయేమోలే.)

ఆయిల్ మీద కూడా అనుమానం వచ్చింది. కార్లకి పోసే, రాపిడి తగ్గించే రకం పోస్తే ఆయిల్లో మునిగి తిరిగే మన క్లచ్ జారుతుంది. డబ్బా మీద చూస్తే జాసో ఎంఏ2 అనే ఉంది, అంటే ఇలాంటి క్లచ్ ఉన్న బైకులకి సరిపడే రకమే. అయినా ఆయిలైతే ఒక్క మలుపులోనే ఎందుకు జారుతుంది...

చివరికి బండి స్టాండు మీద పెట్టి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ లివర్ని వేలితో కదిపాను. తిన్నగా ఉన్నప్పుడు వదులు (కేబుల్ బిగిసేదాకా లివర్ ఊరికే కదిలే దూరం) ఉంది, చాలా బళ్ళకి లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండమంటారు కదా, దాదాపు అంతే. కుడికి పూర్తిగా తిప్పితే సున్నా! కేబుల్ బిగిసిపోయి, ఎవరూ నొక్కకుండానే క్లచ్‌ని కాస్త నొక్కి పెడుతోంది. మా బావగారు ముచ్చటపడి ఎత్తు హ్యాండిల్ వేయించారు, నువ్వు సింహాసనం అన్నావే, అదే. కేబుల్ మాత్రం పాత పొట్టిదే! ఆయన్ని ఏమైనా అంటే అక్క ఊరుకోదు, అది వేరే కథ.

పొడుగు కేబుల్ వేశాక ఎటు తిప్పినా వదులు మారట్లేదు, ఆ మలుపుల్లోనూ శుభ్రంగా లాగుతోంది. ఇన్నాళ్ళూ జారి జారి ప్లేట్లు కొంచెం మాడాయేమోనని బెంగ ఉందనుకో, చూద్దాం.

అన్నట్టు, క్లచ్ లివర్ పూర్తిగా నొక్కినా నీ బండి ముందుకి పాకుతోంది, న్యూట్రల్ పడి చావట్లేదు అన్నావు కదా. అది దీనికి పూర్తిగా రివర్సు. వదులు ఎక్కువై క్లచ్ పూర్తిగా విడవట్లేదేమో. ఎవడో చెప్పాడని ఇంజన్ విప్పించకు, ముందు కేబుల్ బిగుతు సరిచేసే అడ్జస్టర్ దగ్గర లాక్‌నట్ వదులు చేసి

బస్సొచ్చేసిందిరా, ఫోన్ చేస్తా.