నీ తెర నీది, లేయర్లు అందరివీ

ప్రియమైన మురళీ,

ఆటోక్యాడ్‌లో గీసి నువ్వు పంపిన ఇంటి ప్లాను ఫైలు నిన్న రాత్రి తెరిచాను. ముందుగా డిజైను గురించి ఒక్క మాట. మెట్ల పక్కన పెట్టిన ఆ వెలుతురు సందు చాలా బాగుంది. ఎవరు ఏమన్నా దాన్ని మార్చకు.

ఇక నువ్వు అడిగిన సంగతి, తెరనూ లేయర్లనూ ఎలా అమర్చుకోవాలన్నది. లేయరంటే ఒక రకం గీతలను విడిగా ఉంచి, కావాలంటే కనిపించకుండా ఆపేయగల పొర. నీ ఫైలులో లేయర్ల జాబితా తెరిస్తే 143 కనిపించాయి. అందులో గోడ, గోడలు, గోడ కొత్తది, ఎరుపు, సన్నగీత, లేయర్ 1 అన్నీ ఉన్నాయి. గోడల లేయరు ఆపితే సగం గోడలు మాయమయ్యాయి, మిగతా సగం అలాగే నిలబడ్డాయి. అవి ఏ పేరు కింద ఉన్నాయో వెతకడానికే ముప్పావు గంట పట్టింది. కోపంతో రాయడం లేదు మురళీ. ఇన్నాళ్లూ నువ్వొక్కడివే గీసుకున్నావు కాబట్టి ఏ గీత ఎక్కడుందో నీకు గుర్తుండేది. ఇప్పుడు మరో ముగ్గురు అదే ఫైలులో చేయి పెడుతున్నారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆటోక్యాడ్ తెరను అమర్చుకోవడం, లేయర్లకు పద్ధతి పెట్టుకోవడం, ఈ రెండింటినీ నువ్వు ఒకే ప్రశ్నగా అడిగావు. వీటిని ఒకే గాటన కట్టకు. తెర అమరిక పూర్తిగా నీ సొంత విషయం. నీ చేతివాటం, నీ కంటి అలవాటు ఎలా ఉంటే అలా పెట్టుకో. లేయర్ల దగ్గర మాత్రం నీ ఇష్టం గానీ, నా ఇష్టం గానీ చెల్లకూడదు.

తెర సంగతి త్వరగా చెప్పేస్తాను. పైన పనిముట్లన్నీ ఉండే పట్టీ, అదే రిబ్బన్‌లో నువ్వు ఎప్పుడూ ముట్టుకోని ట్యాబులు తీసేయి. ఎంచుకున్న గీత గుణాలు చూపే ప్రాపర్టీస్ పలకను ఒక అంచుకు అతికించు. అంతా కుదిరాక కింద కుడి మూలన ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కి, ఆ అమరికను వర్క్‌స్పేస్‌గా ఒక పేరుతో భద్రపరచు. అక్కడే వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో, మార్పులను తనంతట తానే భద్రపరచవద్దు అనే ఎంపికను ఉంచు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు ఎన్నోసార్లు అక్కరకొచ్చింది. పని హడావిడిలో పలకలన్నీ చెల్లాచెదురైనప్పుడు అదే వర్క్‌స్పేస్‌ను మళ్లీ ఎంచుకుంటే తెర మొదటి స్థితికి వచ్చేస్తుంది. పొట్టి కమాండ్లను కూడా మార్చుకోవచ్చు. సి నొక్కితే వృత్తం వస్తుంది కదా, ప్లాన్లు గీసే మనకు వృత్తం కంటే కాపీ అవసరమే ఎక్కువ. అందుకని పొట్టి కమాండ్ల జాబితా ఉండే పీజీపీ ఫైలులో సి అక్షరాన్ని కాపీకి ఇచ్చి, రీఇనిట్ కమాండుతో మళ్లీ చదివించాను. నీకు నచ్చకపోతే అలాగే ఉంచుకో. నా తెర చూసి నువ్వు నేర్చుకోవలసింది ఏమీ లేదు.

అసలు సంగతి లేయర్లది. నీ ఫైలులో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన పేరు ఎరుపు. ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. పెన్నులతో గీసే ప్లాటర్ల రోజుల్లో రంగు సంఖ్యను బట్టి పెన్ను మారేది, పెన్నును బట్టి గీత మందం మారేది. ఆ పద్ధతి, ఏ రంగు ఏ మందంలో ప్రింటు కావాలో చెప్పే సీటీబీ ఫైళ్ల రూపంలో ఇప్పటికీ ఉంది. అందుకని చాలామంది రంగునే పేరుగా పెట్టేస్తారు. కానీ రేపు ఆ లేయరు రంగు నీలానికి మారిస్తే పేరు అబద్ధమైపోతుంది. పేరు ఆ వస్తువేమిటో చెప్పాలి. ఎలా కనిపిస్తుందన్నది జాబితాలో పేరు పక్కనున్న రంగు, మందం గడులు చూసుకుంటాయి.

పేర్లను మనం కొత్తగా కనిపెట్టనక్కర లేదు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ 1990లోనే లేయర్ల మార్గదర్శకాలు ప్రచురించింది. తర్వాత అవి ఆ దేశపు జాతీయ క్యాడ్ ప్రమాణంలో భాగమయ్యాయి. ఐఎస్ఓ 13567 అని అంతర్జాతీయ ప్రమాణం మరొకటి ఉంది గానీ ఆ పేర్లు సంకేతాల్లా ఉండి నోటికి ఎక్కవు. నేను మొదటిదాన్నే పట్టుకున్నాను. మొదట ఎవరి పని అన్నది ఒక్క అక్షరం: ఆర్కిటెక్చర్‌కు ఏ, స్ట్రక్చర్‌కు ఎస్, ఎలక్ట్రికల్‌కు ఇ. తర్వాత నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తువు: గోడకు వాల్, తలుపుకు డోర్, సామానుకు ఫర్న్. కావాలంటే ఇంకో నాలుగక్షరాల వివరం. చివర స్థితి: కొత్తదైతే ఎన్, ఉన్నదైతే ఇ, కూల్చేదైతే డి. పాత ఇల్లు మార్చి కట్టే పనిలో ఈ చివరి అక్షరం విలువ తెలుస్తుంది. జాబితా అక్షర క్రమంలో ఉంటుంది కాబట్టి గోడలన్నీ ఒకచోట, తలుపులన్నీ ఒకచోట వచ్చి కూర్చుంటాయి.

అలాగని ఆ ప్రమాణంలో ఉన్న ప్రతి పేరునూ తెచ్చి టెంప్లేటులో, అంటే కొత్త ఫైళ్లకు మూలమైన నమూనా ఫైలులో కుమ్మరించకు. దీన్ని ఎప్పుడైనా విడిగా ఆపుతానా, విడిగా వేరే మందంలో ప్రింటు తీస్తానా, విడిగా వేరేవాళ్లకు ఇస్తానా అని అడిగి చూడు. మూడింటికీ కాదు అని వస్తే ఆ లేయరు అక్కర లేదు.

గీతల మందాల దగ్గర ఒక అందమైన లెక్క ఉంది. 0.18, 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్లు అనే వరుస చూశావు కదా. ఒక్కొక్కటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు, అంటే రెండుకు వర్గమూలం. ఏ1 కాగితం పొడవుకూ ఏ2 పొడవుకూ ఉన్న నిష్పత్తి కూడా అదే. అందుకే ఏ1 డ్రాయింగును ఏ2కు కుదించినప్పుడు 0.5 గీత దాదాపు 0.35 అవుతుంది, మొత్తం ఒక్క మెట్టు దిగుతుంది, గీతల మధ్య తేడా చెదరదు. నేను కోతలో తెగిన గోడకు 0.5, తలుపులకు 0.25, సామానుకు 0.18, లోపల నింపే గీతల అల్లిక, అదే హ్యాచ్‌కు 0.13 పెడతాను. రంగు, మందం, గీత రకం అన్నీ బైలేయర్‌లోనే, అంటే లేయరు చెప్పినట్టే ఉంచు. ఒక్కొక్క గీతకూ విడిగా రంగు పూస్తే లేయరు మీద నీకు పట్టు పోయినట్టే.

ఇప్పుడు నీ తలుపు. ఆ బ్లాకును, అంటే ఒకసారి గీసి అన్నిచోట్లా పెట్టుకునే బొమ్మను, ఎడిటర్‌లో తెరిచి చూశాను. తలుపు రెక్క ఎరుపు లేయరులో ఉంది, అది తిరిగే చాపం సన్నగీతలో ఉంది, ద్వారబంధం మాత్రం ప్రతి ఫైలులోనూ ముందే ఉండే సున్నా లేయరులో ఉంది. తలుపుల లేయరు ఆపగానే ద్వారబంధాలు మాయమై, రెక్కలూ చాపాలూ గోడ సందుల్లో వేలాడుతూ మిగిలాయి. సున్నా లేయరులో, బైలేయర్ రంగుతో గీసినవే బ్లాకును ఏ లేయరులో పెడితే ఆ లేయరు గుణాలు తీసుకుంటాయి. అందుకే బ్లాకు లోపలిదంతా సున్నాలో గియ్యి, పెట్టేటప్పుడు మాత్రం తలుపుల లేయరులో పెట్టు. మామూలు గీతలు సున్నాలో ఎప్పుడూ వద్దు. ఆటోక్యాడ్ తనంతట తానే పెట్టుకునే డెఫ్‌పాయింట్స్ లేయరులో అసలే వద్దు, అందులో గీసినది ప్రింటులో రాదు. నీ స్థలం సరిహద్దు ప్రింటులో కనిపించడం లేదన్నావే, అది అక్కడే ఉంది.

లేయరును ఆపినా, ఫ్రీజ్ చేసినా గీతలు కనిపించవు. ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు నష్టపోతే గానీ తెలియలేదు. ఒకసారి సామాను లేయరు ఆపి, పాత గీతలన్నీ చెరిపేద్దామని ఎరేజ్ కొట్టి ఆల్ అన్నాను. ఆపిన లేయరులోవి కంటికి కనిపించకపోయినా ఎంపికలోకి వస్తాయి. సామానంతా పోయింది. మూడు రోజుల తర్వాత తెలిసింది, అప్పటికే ఫైలు చాలాసార్లు భద్రపరిచేశాను. ఫ్రీజ్ చేసినవీ, తాళం వేసినవీ అయితే ఆ ఎంపికలోకి రావు. అప్పటి నుంచి ఫ్రీజే వాడుతున్నాను.

నీ ఫైలుకు నకలు తీసి, లేయర్ల పేర్లు మార్చే లేట్రాన్స్ కమాండుతో పాత పేర్లను ఎడమన, కొత్త పేర్లను కుడిన పెట్టి జత చేశాను. 143 లేయర్లు 31కి వచ్చాయి. ఆ జతలను ఒక డీడబ్ల్యూఎస్ (ఆటోక్యాడ్ ప్రమాణాల) ఫైలుగా భద్రపరిచి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, నీ పాత డ్రాయింగులకు కూడా అదే పనికొస్తుంది. ఖాళీ టెంప్లేటు కూడా జత చేశాను. నలుగురూ దాని నుంచే కొత్త ఫైలు మొదలుపెట్టండి. తలుపు బ్లాకులు మాత్రం నువ్వే ఒక్కొక్కటి సరిచేయాలి.

ఒక్కటి మిగిలిపోయింది. ఎరుపు లేయరులో వంటగది మీదుగా పోయే పదకొండు గీతలు ఏమిటో నాకు అర్థం కాలేదు. దూలాలైతే స్ట్రక్చర్‌లోకి పోవాలి, పైపులైతే ప్లంబింగ్‌లోకి. వాటిని ముట్టుకోకుండా అలాగే ఉంచాను. అవేమిటో రాయి.

నీ
శ్రీధర్