రెండు సౌండ్ కార్డులకూ ఒకే సీరియల్ నంబర్ ఉండటంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: లైనక్స్‌లో మీ యూఎస్‌బీ సౌండ్ కార్డులు రెండూ తారుమారు కావడం గురించి.

అయ్యా,

జూన్‌లో మీ కంపెనీ యూఎస్‌బీ సౌండ్ కార్డులు (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపేవి) ఒకే మోడల్‌వి రెండు కొన్నాను. విండోస్ బదులు నేను వాడే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రైవర్ అక్కర్లేదని, రెండింటినీ కలిపి వాడుకోవచ్చని పెట్టె మీద మీరే రాశారు. ఆ మాట నమ్మే కొన్నాను.

మా నాన్నగారికి 81 ఏళ్లు. ఒకప్పుడు తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణుడి వేషం కట్టేవారు. ఓపిక ఉండగానే ఆయన పద్యాలు రికార్డు చేసుకోవాలని నా ఆశ. ఒక కార్డుకు ఆయన మైకు, రెండో దానికి హార్మోనియం మైకు పెట్టాను. గొంతు ఇప్పుడు బాగా తగ్గింది కాబట్టి కంప్యూటర్‌లో ఆయన మైకుకు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే సెట్టింగు) పెంచి, హార్మోనియానికి తగ్గించాను.

ఆగస్టులో ఒక ఆదివారం 40 నిమిషాల సేపు పడకసీను పద్యాలు పాడారు. మీ కార్డుల్లోని డైరెక్ట్ మానిటర్ ద్వారా హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే అంతా బాగానే ఉంది. అది కంప్యూటర్‌లోకి వెళ్లకముందు శబ్దమని అప్పుడు నాకు తట్టలేదు. తీరా ఫైలు తెరిస్తే హార్మోనియం బరబరమని పగిలిపోయింది, నాన్నగారి గొంతు ఎక్కడో అడుగున ఉంది. గొంతుకు పెట్టిన గెయిన్ హార్మోనియానికి, దానిది గొంతుకు వెళ్లాయి. మళ్లీ పాడమంటే ఆయనకు దమ్ము చాలడం లేదు.

కారణం వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. నాది ఉబుంటు 24.04 అనే లైనక్స్. కార్డులకు అది ఇచ్చే వరుస నంబర్లు బూట్ అయినప్పుడల్లా మారవచ్చు, అది మామూలే. అందుకే అందులో శబ్దాన్ని నడిపించే పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్ కార్డును పేరుతో గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేరు తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్ కలిపి తయారవుతుంది. యూఎస్‌బీ పరికరాల వివరాలు చూపించే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్‌తో చూస్తే మీ రెండు కార్డులకూ ఒకటే సీరియల్ నంబర్! అందుకని రెండో దాని పేరు చివర .2 చేరుతుంది. ఏది ముందు దొరికితే అది మొదటిదవుతుంది, మొదటి పేరుకు పెట్టిన సెట్టింగులన్నీ దానికే పడతాయి.

రెండు కార్డుల క్లాకులు (రికార్డింగ్ వేగాన్ని నిర్ణయించే లోపలి గడియారాలు) కాస్త తేడాగా నడవడం గురించి నాకు ఫిర్యాదు లేదు. అది ఏ కంపెనీ కార్డులకైనా ఉండేదే, పైప్‌వైర్ సర్దుకుంటుంది. ఒకే సీరియల్ నంబర్ మాత్రం మీ ఫ్యాక్టరీలో జరిగిన పొరపాటు.

మీకు మూడు మెయిళ్లు పెట్టాను. "విండోస్‌లో పెట్టి చూడండి" అని ఒక్క జవాబు వచ్చింది. లైనక్స్‌లో పనిచేస్తుందని రాసి అమ్మినవాళ్లు ఇలా అనడం చాలా బాధ కలిగించింది. ప్రస్తుతానికి యూడెవ్ (లైనక్స్‌లో తగిలించిన పరికరాలను గుర్తించే భాగం) రూల్ రాసి, ఏ పోర్టులో ఉన్నది ఏ కార్డో కంప్యూటర్‌కు చెబుతున్నాను. ఎవరైనా వైరు తీసి పక్క పోర్టులో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. రికార్డింగ్ అంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

వేరువేరు సీరియల్ నంబర్లు వచ్చేలా ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇవ్వండి. అది కుదరకపోతే రెండు కార్డులూ తీసుకుని పూర్తి డబ్బు తిరిగి ఇవ్వండి. సరిచేసేదాకా పెట్టె మీద "రెండింటినీ కలిపి వాడుకోవచ్చు" అన్న మాట తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

బిల్లు, ఎల్ఎస్‌యూఎస్‌బీ వివరాలు, పాడైన రికార్డింగ్ జతచేస్తున్నాను. ఆ రికార్డింగ్ ఒక్కసారి వినమని మనవి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
తెనాలి