బీరువాలో తాళం పడిన బోధన

అయ్యా,

ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీ పరీక్ష మాట వినపడగానే నెల్లూరు పుస్తకాల దుకాణాలు విద్యా మనోవిజ్ఞానం గైడ్లతో నిండిపోతాయి. మా వీధి అభ్యర్థి ఒకరు పిల్లల ఆలోచన ఎదిగే తీరుపై మనోవిజ్ఞాని పియాజే చెప్పిన నాలుగు దశలను వయసులతో సహా అప్పజెప్పాడు. మా మనవరాలికి తీసివేత ఎందుకు తప్పుతోందో చూడమంటే మాత్రం బిక్కమొహం వేశాడు. తప్పు అతనిది కాదు. శిక్షణ పొందిన కళాశాలలో మూల గ్రంథాలు బీరువాలోనే ఉన్నాయట, తాళంచెవి ఎవరి దగ్గరుందో రెండేళ్లూ తెలియలేదట!

బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రెయిరే 1963లో ఆ దేశంలోని అంగికోస్‌లో కూలీలకు వాళ్ల బతుకులోని మాటలతోనే అక్షరాలు నేర్పించాడు. ఇది మనకు పరాయి సంగతేమీ కాదు. సాక్షరతా ఉద్యమ కాలంలో మన నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు వాచకంలో సారాను ఎదిరించిన సీతమ్మ కథ చదివి తమ ఇంటి గోడు గుర్తుపట్టారు, సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న జిల్లాలో కాబోయే పంతుళ్లకు ఫ్రెయిరే ఒక మార్కు ప్రశ్నగా మిగిలాడు.

గుజరాతీ విద్యావేత్త గిజూభాయి రాసిన ‘దివాస్వప్న’లోని మాస్టారు నాలుగో తరగతి పిల్లలను కథలతో ఆకట్టుకుంటాడు. చిన్న పుస్తకం, రెండు పూటల్లో అయిపోతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఫారాలు నింపడం కాస్త తగ్గించి, ఇలాంటి పుస్తకం ఒక గంట కలిసి చదివించాలని విద్యాశాఖను కోరుతున్నాను. ముందు ఆ బీరువాలు తెరిపించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి