పాలపిట్టకు మసి పూశారు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మీరు వేసిన పాలపిట్ట లినోకట్ (లినోలియం పలకను చెక్కి, సిరా పూసి తీసిన అచ్చు) గురించి ఈ ఉత్తరం. మాదాపూర్‌లో ఒక ప్రదర్శనలో ఆ ప్రింటును దగ్గర నుంచి చూశాను. మీ పేజీలో పిట్ట అదే గాని, ప్రింటు అది కాదు.

లినోలియం పలకను ఉలితో తీసిన చోట కాగితం తెల్లగా మిగులుతుంది, వదిలిన చోట సిరా అంటుతుంది. ఉండేవి ఆ రెండే. బూడిద రంగులా తోచేదంతా గీతలు దగ్గరగా, దూరంగా పడడంలోని గమ్మత్తు. ఆ చిత్రకారిణి పిట్ట రొమ్ము మీది చారలను సన్న ఉలితో పొట్టి గాట్లుగా తీసింది. ఒక్కో గాటూ మొదట లోతుగా దిగి, చివరికి సన్నబడి తేలిపోతుంది. రెక్క దగ్గరకు వచ్చేసరికి వెడల్పు ఉలి పట్టి ఒక్క ఊపున లాగేసింది; తడబడి ఉంటే తెలిసిపోయేది. పిట్ట చుట్టూ ఖాళీలో ఉలికి అందని మిట్టలు సిరా తాగి అక్కడక్కడా గీతలుగా పడ్డాయి. కావాలనే ఉంచేసింది. పిట్ట కొమ్మ వదులుతున్నట్టు అనిపించేది ఆ గీతల వల్లే.

పాలపిట్టంటే నీలం కదా, నలుపులో చూసేదేముందని ఒక పాఠకుడు రాశారు. రెక్కలు ముడుచుకుని కూర్చున్న పిట్టను ఎదురుగా చూడండి, ఎక్కువగా కనిపించేది గోధుమ వన్నె రొమ్మే. నీలం మెరిసేది రెక్క విప్పినప్పుడు. ఆ మెరుపును ఆమె తెల్లటి పట్టీగా చెక్కింది. నాకైతే అది చాలు.

చిక్కడపల్లిలో అచ్చు బ్లాకులు చేసి బతికినవాణ్ని. ఫొటో అయితే స్క్రీను పెట్టి చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్, గీతబొమ్మ అయితే చుక్కల్లేకుండా జింకు మీద లైన్ బ్లాకు. పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి మొదట చెప్పే సంగతి ఇదే. మీవాళ్లు లినోకట్‌ను ఫొటో కింద లెక్కగట్టి చుక్కలు చేసి, ఒక్క కాలమ్‌లోకి కుదించారు. గాట్లన్నీ కలిసిపోయి రొమ్మంతా మసి పూసినట్టుంది. అసలు ఇది అచ్చు కోసమే పుట్టిన కళ. దండి యాత్ర సందర్భంగా 1930లో చిత్రకారుడు నందలాల్ బోస్ చెక్కిన గాంధీ లినోకట్‌ను నాసిరకం కాగితం మీద చూసినా ఆ చేతికర్ర, ఆ అడుగు చెక్కుచెదరవు.

ఇకనైనా ఇలాంటి ప్రింట్లను చుక్కల్లేకుండా, నలుపు తెలుపుల్లోనే లైన్ ఆర్ట్‌గా స్కాన్ చేయించి, కనీసం మూడు కాలమ్‌ల వెడల్పున వేయండి. కింద ఉత్త ‘చిత్రం’ అనకుండా లినోకట్ అని, అసలు కొలతలతో సహా రాయండి. రాష్ట్ర పక్షి గనుక దసరాకు మళ్లీ ఎలాగూ వేస్తారు. అప్పుడు కంప్యూటర్‌లో దానికి నీలం మాత్రం పూయకండి.

– ఒక పాత బ్లాక్ మేకర్,
చిక్కడపల్లి, హైదరాబాద్