తెర మీద మా జాలరిపేట

సంపాదకునికి,

ఈమధ్య మా పెదజాలరిపేటలో ఒక డాక్యుమెంటరీ తీశారు. వచ్చినవాళ్లు ఇంజన్ పడవలను పక్కకు జరిపించి, మా పెదనాన్న చేత పాత తెప్ప తోయించారు. జేబులోని సెల్‌ఫోన్ కూడా తీయించేశారు. చూసినవాళ్లు మేమింకా అలాగే బతుకుతున్నామనుకోరా?

ఇది పాత అలవాటే. అమెరికన్ దర్శకుడు ఫ్లాహెర్టీ తీయగా 1922లో విడుదలైన డాక్యుమెంటరీ ‘నానూక్ ఆఫ్ ద నార్త్’లో, అప్పటికే తుపాకులు వాడుతున్న ఇన్యూట్ (కెనడా ఉత్తరాన మంచు ప్రాంతపు ఆదివాసులు) వేటగాళ్ల చేత ఈటెలు పట్టించారు. కెమెరాకు వెలుతురు చాలదని మంచు ఇంటిని ఒక పక్క తెరిచి ఉంచారు.

ఎడిటింగ్‌లో కొంత పోతుంది, అది తప్పదు. కానీ చేయించి తీసిన సీనైతే ఆ సంగతి తెర మీద వేయాలి. డీజిల్ ఖర్చు గురించి, దొరకని చేపల గురించి పెదనాన్న అరగంట చెప్పాడు. సినిమాలో అందులో ఒక్క ముక్కా లేదు.

– ఒక పాఠకుడు, పెదజాలరిపేట, విశాఖపట్నం